ఏ పిస్టల్‌ని క్లోన్ అనాలి, దేన్ని అనకూడదు: తరచుగా అడిగే ప్రశ్నలు

పిస్టళ్ల మీద ఆసక్తి ఉన్నవాళ్లు నలుగురు చేరితే ఈ గొడవ రాక మానదు. "అది 1911 క్లోనే" అంటారు ఒకరు. (1911 అనేది కోల్ట్ కంపెనీ చేసిన, అమెరికా సైన్యం వాడిన .45 పిస్టల్ పేరు.) "క్లోన్ కాదు, కాపీ" అంటారు ఇంకొకరు. "రెండూ ఒకటేగా" అని మూడో ఆయన అన్నాక ఇక ఆ రోజుకి వేరే మాట ఉండదు. ఆ ముగ్గురి పక్షానా ఏదో ఒకప్పుడు వాదించినవాణ్ణి కాబట్టి, నన్ను తరచూ అడిగే ప్రశ్నలకు ఇప్పుడు నాకు తోచిన జవాబులు ఇక్కడ రాసిపెడుతున్నాను.

### అసలు క్లోన్ అంటే ఏమిటి?

నేను చూసేది ఒక్కటే. అసలు పిస్టల్‌లోంచి ఒక విడిభాగం ఊడదీసి రెండోదాంట్లో పెడితే సరిగ్గా కూర్చోవాలి, పనిచేయాలి. దీనిది తీసి దానికి పెట్టినా అంతే. రెండింటి కొలతలూ ఒకటే అయితే తప్ప ఇది జరగదు. అంటే క్లోన్ అనే మాట రూపం గురించి కాదు, డ్రాయింగు గురించి. ఎవరు చేశారు, ఏ దేశంలో చేశారు, ఎంతకి అమ్మారు అన్నవి ఆ తర్వాతి సంగతులు.

"పోలిక ఉంది" అనడానికీ "క్లోన్" అనడానికీ మధ్య చాలా దూరం ఉంది. పిస్టళ్ల లోకంలో పోలికలు కొల్లలు. 1897లో అమెరికన్ డిజైనర్ జాన్ బ్రౌనింగ్ తీసుకున్న పేటెంట్లలోని ఊహ, అంటే పేలగానే బ్యారెల్, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జారే భాగం) కలిసి కొంచెం వెనక్కి జరిగి, ఆపైన బ్యారెల్ కిందికి వంగి స్లైడ్‌ని వదిలేయడం, ఇవాళ్టి సర్వీస్ పిస్టళ్లలో అత్యధికశాతానికి ఆధారం. ఆ లెక్కన అన్నీ దానికే క్లోన్లు అనాల్సి వస్తుంది. అలా అంటే ఇక మాటకి అర్థమే ఉండదు.

### చూడ్డానికి అచ్చు గుద్దినట్టు ఉంటే చాలదా?

చాలదు. మంచి ఉదాహరణ జర్మన్ పిస్టల్ మౌజర్ సీ96. ట్రిగ్గర్ ముందు పెట్టెలాంటి మ్యాగజీన్, చీపురుకట్ట పిడిలాంటి పట్టు, ఒకసారి చూస్తే మర్చిపోలేని ఆకారం. 1920ల చివర్లో స్పెయిన్‌లో ఆస్ట్రా కంపెనీ మోడల్ 900 అని ఒకటి చేసింది. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. చైనాలో జోరుగా అమ్ముడుపోయింది.

ఇక విప్పి చూడండి. మౌజర్‌లో పట్టు చెక్కల్ని బిగించే స్క్రూ తప్ప వేరే స్క్రూ ఉండదు. హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి), దాని స్ప్రింగులూ అన్నీ ఒక దిమ్మలా కలిసి ఫ్రేమ్ (పట్టు ఉండే కింది భాగం) వెనకనుంచి బయటికొస్తాయి. ఒక ముక్క ఇంకో ముక్కని పట్టి ఉంచే బొమ్మల పజిల్‌లాంటి అమరిక అది. ఆస్ట్రాకి ఎడమవైపు ఒక పలక ఉంటుంది. దాన్ని జరిపి తీస్తే లోపలి యంత్రాంగం బల్లమీద పరిచినట్టు కనిపిస్తుంది. పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు ఆస్ట్రా వాళ్ల పద్ధతే తెలివైనదనిపిస్తుంది. కానీ మౌజర్ విడిభాగం పట్టుకెళ్లి దాంట్లో పెట్టాలంటే కుదరదు. అది మౌజర్ వేషం కట్టిన వేరే పిస్టల్. వేషం ఎంత బాగా కట్టినా వేషమే.

హంగరీలో ఎఫ్ఈజీ కంపెనీ చేసిన పీ9, పీ9ఆర్‌లది ఇంకా తమాషా. పేర్లలో తేడా ఒక్క అక్షరం. రెండూ బ్రౌనింగ్ మొదలుపెట్టగా బెల్జియం కంపెనీ ఎఫ్ఎన్ పూర్తిచేసిన హైపవర్ పిస్టల్ పోలికే. పీ9 నిజంగానే హైపవర్ క్లోన్, చాలా విడిభాగాలు అటూ ఇటూ పడతాయి. పీ9ఆర్ లోపలిది మాత్రం స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 59 తరహా యంత్రాంగం, డబుల్ యాక్షన్, అంటే ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్ కూడా ఎక్కుతుంది. పేరు చూసి హైపవర్ విడిభాగాలు కొన్నవాళ్లు తల పట్టుకున్నారు.

### ఎన్ని విడిభాగాలు పట్టాలి? ఏదైనా శాతం ఉందా?

లేదు. ఎవరైనా ఇంత శాతం అని చెబితే అది వాళ్ల సొంత లెక్క. ఎన్ని అన్నదానికంటే ఏవి అన్నది ముఖ్యం. పట్టు చెక్కలు, వాటి స్క్రూలు పడితే దాన్ని నేను లెక్కలోకే తీసుకోను. నేను చూసేవి: స్లైడూ ఫ్రేమూ ఒకదాని పట్టాల మీద ఒకటి జరుగుతాయా, బ్యారెల్ తాళం పడే చోటు ఒకటేనా, హ్యామర్, సియర్ (హ్యామర్‌ని పట్టి ఆపే ముక్క), ట్రిగ్గర్ పిన్నుల రంధ్రాలు అవే దూరాల్లో ఉన్నాయా, మ్యాగజీన్ ఎక్కి సరిగ్గా ఆగుతుందా. ఈ నాలుగూ కలిస్తే క్లోనే. పైన సైట్లు మార్చినా, పూత మార్చినా, సేఫ్టీ మీట పొడుగు పెంచినా పర్వాలేదు.

నడిమధ్యలో నిలిచేవీ ఉన్నాయి. అర్జెంటీనాలో హఫ్డాసా కంపెనీ 1938 నుంచి చేసిన బాయెస్టర్ మొలీనాని చూడండి. .45 క్యాలిబర్ (తూటా మందం), 1911 ఆకారం. బ్యారెల్ దానిది దీనికి పడుతుంది, బ్యారెల్ ముందుండే బుషింగ్, స్లైడ్‌ని మళ్లీ ముందుకి తోసే రికాయిల్ స్ప్రింగ్, మ్యాగజీన్ కూడా పడతాయి. కానీ చేతిలో పట్టుకోగానే తేడా తెలుస్తుంది: అరచేతి కింద నొక్కుకునే గ్రిప్ సేఫ్టీ లేదు. 1911 ట్రిగ్గర్ వెనక్కి తిన్నగా జారుతుంది, దీనిది పిన్ను మీద ఊగుతుంది. పై సగం సొంత తమ్ముడు, కింది సగం పరాయివాడు. దీన్ని నేను క్లోన్ అనను, 1911 ఆధారంగా చేసిన పిస్టల్ అంటాను. కాదు, క్లోనే అనేవాళ్లున్నారు. వాళ్లతో వాదించను, బ్యారెల్ వాళ్ల పక్షాన ఉంది మరి.

స్పెయిన్ వారి స్టార్ మోడల్ బీ ఇంకాస్త దూరపు చుట్టం. గ్రిప్ సేఫ్టీ లేదు, ట్రిగ్గర్ ఊగేదే, ఖాళీ తూటా గొట్టాన్ని లాగే ఎక్స్‌ట్రాక్టర్ కూడా వేరు. 1911లో అది స్లైడ్ లోపల పొడుగ్గా దాగి ఉండే ఉక్కు కడ్డీ, తన స్ప్రింగ్ తనే. స్టార్‌లో స్లైడ్ పక్కన బయటికి కనిపించే కొక్కెం. ఈ ఒక్క గుర్తుతో దూరం నుంచే చాలావాటిని విడదీయొచ్చు. ఐతే జాగ్రత్త, స్మిత్ అండ్ వెస్సన్ వారి 1911కీ బయటి కొక్కెమే, అయినా అది 1911 కుటుంబంలోదే.

### లైసెన్స్ తీసుకుని చేసినవి క్లోన్లేనా?

నా దృష్టిలో కావు. అవి అసలుకి వేరే కార్ఖానాలో పుట్టిన తోబుట్టువులు. డ్రాయింగు ఇచ్చింది అసలు హక్కుదారే కదా.

1911నే తీసుకోండి. అమెరికా సైన్యం దాన్ని 1911 మార్చి 29న స్వీకరించింది. రెండో ప్రపంచ యుద్ధంలో దాని సవరించిన రూపం 1911ఏ1ని కోల్ట్ ఒక్కటే చేయలేదు. టైప్‌రైటర్లు చేసే రెమింగ్టన్ ర్యాండ్ 8 లక్షలకు పైగా చేసింది, కోల్ట్ కంటే ఎక్కువ. రైల్వే సిగ్నళ్ల కంపెనీ యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ చేసింది. కుట్టుమిషన్ల సింగర్ 500 చేసి ఆపింది. ఆ అయిదొందల్లో ఒకటి దొరికితే సేకరణకర్తలు ఇప్పుడు కళ్లకద్దుకుంటారు. వాటిని ఎవరూ కోల్ట్ క్లోన్ అనరు. సైన్యం పెట్టిన షరతే ఒకరి విడిభాగం ఇంకొకరి పిస్టల్‌కి పట్టాలని.

నార్వేలో కాంగ్స్‌బర్గ్ కార్ఖానా లైసెన్స్ మీద ఎం1914 చేసింది. అందులో ఒక్క మార్పు: స్లైడ్‌ని వెనకే ఆపి ఉంచే స్లైడ్ స్టాప్ మీట కిందికి సాగి, బొటనవేలికి సులువుగా అందుతుంది. అర్జెంటీనా ప్రభుత్వం లైసెన్స్ మీద చేసిన సిస్టెమా కోల్ట్ మోడల్ 1927 అయితే 1911ఏ1కి అచ్చమైన జోడు. ఇందాకటి బాయెస్టర్ మొలీనా కూడా అదే దేశంలోది. ఒకే దేశం, ఒకే ఆకారం, ఒకటి లైసెన్స్ పిస్టల్, రెండోది సొంత డిజైన్. వీటిని కలిపేసి మాట్లాడేవాళ్లు ఎక్కువ.

హైపవర్ కథ ఇంకా వింత. బెల్జియంలోని ఎఫ్ఎన్ కార్ఖానాని జర్మన్లు ఆక్రమించి వాళ్ల సైన్యం కోసం హైపవర్లు చేయిస్తుంటే, కెనడాలో జాన్ ఇంగ్లిస్ కంపెనీ మిత్రదేశాల కోసం అదే పిస్టల్ చేసింది. యుద్ధానికి రెండు వైపులా ఒకే డిజైన్. ఆ ఇంగ్లిస్ నమూనాని అనుసరించే భారత్‌లో ఈశాపూర్ రైఫిల్ కర్మాగారం పిస్టల్ ఆటో 9 ఎం.ఎం. 1ఏ చేసింది. కాబట్టి మన సైన్యం నడుముకి కట్టుకున్న ఆ పిస్టల్ కూడా బ్రౌనింగ్ వంశంలోదే.

### టోకరెవ్‌ని 1911 క్లోన్ అంటారు కదా?

అంటారు, తప్పు. ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

సోవియట్ డిజైనర్ ఫ్యోదర్ టోకరెవ్ బ్రౌనింగ్ దగ్గర అప్పు తీసుకున్న మాట నిజం. బ్యారెల్ కింద ఊగే చిన్న లింకు ఉంది, అది బ్యారెల్‌ని కిందికి లాగుతుంది. 1911లోనూ అంతే. కానీ ఆయన పిస్టల్ టీటీ-33ని ఊడదీసి స్లైడ్ పక్కన పెట్టి, ఫ్రేమ్ వెనక భాగాన్ని వేళ్లతో పట్టి పైకి లాగండి. హ్యామర్, దాని స్ప్రింగ్, సియర్, డిస్‌కనెక్టర్ (ఒక నొక్కుకి ఒకే తూటా పేలేలా చూసే ముక్క) మొత్తం ఒకే ముద్దగా చేతిలోకొస్తాయి. 1911లో ఆ పని చేయాలంటే పిన్నులు కొట్టి, స్ప్రింగ్ గూడు దించి, ఒక్కో ముక్కా ఏరుకోవాలి. టోకరెవ్‌లో తూటాని దారిలో పెట్టే పెదవులు పలుచటి మ్యాగజీన్ రేకుకి మాత్రమే వదిలేయకుండా ఆ హ్యామర్ దిమ్మలోనే చెక్కారు, మ్యాగజీన్ కాస్త వంగినా తూటా దారి తప్పదని. బ్యారెల్ తాళపు గట్లు చుట్టూతా ఉంటాయి, లేతు మీద తిప్పి చేసేయొచ్చు. సేఫ్టీ మీట అసలు లేదు, హ్యామర్ సగం ఎక్కించి ఆపే గాడి ఒక్కటే.

ఇవన్నీ త్వరగా, చవకగా, ఎక్కువ సంఖ్యలో చేయాలనే ఆలోచనలోంచి వచ్చిన మార్పులు. 1911 విడిభాగం ఒక్కటి కూడా దీనికి పట్టదు. అయితే టోకరెవ్‌కే క్లోన్లున్నాయి: చైనాలో టైప్ 54, రుమేనియాలో టీటీసీ, పోలండ్, హంగరీల్లో మరికొన్ని. యుగోస్లావియాలో జాస్తవా ఎం57 ఒక తూటా ఎక్కువ పట్టేలా పట్టుని కొంచెం పొడిగించింది. దాంతో మ్యాగజీన్ మారిపోయింది. ఒక్క తూటా కోసం అంత ఇబ్బందా అనిపిస్తుంది నాకు.

### మకరోవ్ వాల్తర్ పీపీకి క్లోనా?

కాదు. సోవియట్ పిస్టల్ మకరోవ్‌కి ఆకారం, పనిచేసే సూత్రం జర్మన్ పిస్టల్ వాల్తర్‌వి. లోపల మకరోవ్ చేసిన పొదుపు వేరే స్థాయి. పట్టు వెనకుండే ఒక్క పట్టీ స్ప్రింగ్ హ్యామర్‌నీ నెడుతుంది, ట్రిగ్గర్‌నీ వెనక్కి తెస్తుంది, దాని కింది కొస మ్యాగజీన్‌ని పట్టి ఉంచే గొళ్లెంగానూ పనిచేస్తుంది. తూటా కూడా వేరు. యుద్ధం తర్వాత ఫ్రాన్స్‌లో మానురాన్ చేసినవి మాత్రం లైసెన్స్ మీద చేసిన నిజమైన వాల్తర్లు.

### సీజెడ్ 75కి అన్ని క్లోన్లు ఎందుకున్నాయి?

దాని డిజైన్‌ని దాచిపెట్టడం వల్ల. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ సంగతి అదే.

1975 ప్రాంతంలో చెకోస్లొవాకియాలో ఫ్రాంటిషెక్ కౌట్‌స్కీ, యోసెఫ్ కౌట్‌స్కీ సోదరులు దీన్ని రూపొందించినప్పుడు పేటెంట్లు రహస్య పేటెంట్లుగా ఉండిపోయాయి. విదేశాల్లో పేటెంట్ తీసుకోవాలంటే డిజైన్‌ని బయటపెట్టాలి. బయటపెట్టలేదు కాబట్టి విదేశాల్లో రక్షణా లేదు. పిస్టల్ మాత్రం పశ్చిమ దేశాల్లో అమ్మకానికొచ్చింది. కొన్నవాడు ఊడదీసి కొలతలు తీసుకుంటే అడిగే నాథుడు లేడు.

ఇటలీలో టాన్‌ఫోలియో మొదలుపెట్టింది, ఇజ్రాయెల్‌లో జెరికో 941 తొలినాళ్లలో టాన్‌ఫోలియో విడిభాగాలతోనే తయారైంది. స్విట్జర్లాండ్, టర్కీ, చైనా అన్నీ చేరాయి. ఈ కుటుంబాన్ని ఒక్క చూపులో పట్టేయొచ్చు: మామూలు పిస్టళ్లలో స్లైడ్ ఫ్రేమ్‌కి బయటినుంచి కప్పుకుని జారుతుంది. సీజెడ్‌లో ఫ్రేమ్ గోడల లోపల జారుతుంది. అందుకే పైన స్లైడ్ సన్నగా కనిపిస్తుంది, చేత్తో లాగడానికి దొరికే చోటు కూడా తక్కువ. చెమట చేతులతో లాగి చూస్తే అర్థమవుతుంది. ఈ ఏర్పాటు కౌట్‌స్కీల సొంతం కూడా కాదు, స్విస్ సిగ్ పీ210లో అంతకుముందే ఉంది.

ఐతే, నా పరీక్షకి పెడితే ఈ "క్లోన్ల"లో చాలా తప్పుతాయి. టాన్‌ఫోలియో తొలి మోడళ్లలో సేఫ్టీ స్లైడ్ మీదికెక్కింది, సీజెడ్‌లో అది ఫ్రేమ్ మీద ఉంటుంది. తరాలు గడిచేకొద్దీ ఎవరి కొలతలు వాళ్లవయ్యాయి. ఇప్పుడు జెరికోకి సీజెడ్ విడిభాగం కొనేముందు ఒక్కోదానికీ విడిగా కనుక్కోవాలి. వీటిని "సీజెడ్ వంశం" అంటే సరిపోతుంది. అమెరికాలో 1980ల్లో వచ్చిన బ్రెన్ టెన్ అయితే సీజెడ్‌ని చూసి పెద్దదిగా, 10 మి.మీ. తూటా కోసం కొత్తగా గీసుకున్నది. దాన్ని క్లోన్ అనడం మరీ అన్యాయం.

### క్యాలిబర్ మారిస్తే క్లోన్ కాకుండా పోతుందా?

క్యాలిబర్ మార్చడానికి ఎంత మార్చాల్సి వచ్చిందన్నదాన్ని బట్టి. కోల్ట్ తనే 1929లో 1911ని .38 సూపర్‌లో అమ్మింది. బ్యారెల్, మ్యాగజీన్, ఎక్స్‌ట్రాక్టర్ లాంటివి మారాయి, మిగతా పిస్టల్ అదే. అలాంటిది క్లోన్ చేసినా క్లోనే. కానీ చైనాలో షాన్షీ సైనికాధికారి యాన్ షీషాన్ ఆయుధాగారంలో .45 తూటాకి మౌజర్ చేసినప్పుడు పిస్టల్ మొత్తం పెరిగిపోయింది. మ్యాగజీన్ ట్రిగ్గర్ గార్డు కంటే కిందికి వేలాడుతుంది. అక్కడ థాంప్సన్ సబ్‌మెషీన్ గన్లూ చేసేవారు, రెండింటికీ ఒకే తూటా వాడాలనేది వాళ్ల ఆలోచన. యంత్రాంగం మౌజర్‌దే, కొలతలు మౌజర్‌వి కావు. పెద్ద చేసిన నకలు అనొచ్చు.

### మ్యాగజీన్ పడితే క్లోన్ అనొచ్చా?

అనకూడదు. ఆస్ట్రియా పిస్టల్ గ్లాక్ మ్యాగజీన్ పట్టే చిన్న కార్బైన్లు (పొట్టి రైఫిళ్లు) ఎన్నో ఉన్నాయి. మడిచి పెట్టుకునే కెల్‌టెక్ సబ్ 2000 వాటిలో ఒకటి. అది గ్లాక్ అవుతుందా?

### గ్లాక్ క్లోన్ల సంగతేమిటి? పేటెంట్ అడ్డురాదా?

పేటెంట్‌కి కాలపరిమితి ఉంటుంది. అది తీరాక ఆ యంత్రాంగం ఎవరైనా చేసుకోవచ్చు. హైపవర్ పుట్టుకలోనే ఈ పాఠం ఉంది. బ్రౌనింగ్ దాన్ని మొదలుపెట్టినప్పుడు 1911 పేటెంట్లు కోల్ట్ చేతిలో ఉన్నాయి, ఆయనే కనిపెట్టినవాటిని ఆయనే తప్పించుకుంటూ గీయాల్సి వచ్చింది. 1926లో ఆయన పోయారు. 1928లో కోల్ట్ పేటెంట్లు తీరిపోయాక ఎఫ్ఎన్‌లో ద్యూదొనె సైవ్ 1911లోని మంచి అంశాల్ని ధైర్యంగా కలిపేశారు. 1935 నాటికి పిస్టల్ సిద్ధమైంది.

గ్లాక్‌ని ఆస్ట్రియా సైన్యం 1982లో స్వీకరించింది. 1994లో స్మిత్ అండ్ వెస్సన్ సిగ్మా అనే పిస్టల్ తెస్తే గ్లాక్ పేటెంట్ దావా వేసింది. 1997లో రాజీ కుదిరింది. స్మిత్ అండ్ వెస్సన్ డబ్బు కట్టింది, లోపల మార్పులూ చేసింది. చమత్కారం ఏమిటంటే సిగ్మా నా లెక్కలో క్లోనే కాదు, గ్లాక్ విడిభాగాలతో దానికి పొత్తు లేదు. కోర్టు లెక్క వేరు, వర్క్‌షాపు లెక్క వేరు. కోర్టు చూసేది ఊహ ఎవరిదని, వర్క్‌షాపు చూసేది ముక్క పడుతుందా అని.

ఆ పాత పేటెంట్లు తీరాక ఇప్పుడు మూడో తరం గ్లాక్ కొలతలకి పిస్టళ్లు చేసేవాళ్లు బోలెడు. పాల్మెట్టో స్టేట్ వారి డాగర్, 2024 డిసెంబర్‌లో వచ్చిన రూగర్ ఆర్ఎక్స్ఎం అలాంటివే. పట్టు ఆకారం వాళ్లది, స్లైడ్, బ్యారెల్ కొలతలు గ్లాక్ మూడో తరానివి. "గ్లాక్ క్లోన్" అన్నప్పుడు ఏ తరం అని అడగడం మర్చిపోవద్దు. నాలుగో తరంలో రికాయిల్ స్ప్రింగ్ జంట స్ప్రింగ్ అయింది, అయిదో తరంలో ట్రిగ్గర్ విడిభాగాలు మారాయి. గ్లాక్‌కి గ్లాకే పూర్తిగా పట్టదు.

పేటెంట్ తీరినా పేరు, ముద్ర తీరవు. వాటికి ట్రేడ్‌మార్క్ రక్షణ కొనసాగుతుంది. అందుకే క్లోన్ మీద చేసినవాళ్ల సొంత పేరే ఉంటుంది.

### మరి నకిలీకి, రెప్లికాకి, క్లోన్‌కి తేడా?

క్లోన్ తన పేరుతో తను తిరుగుతుంది. నకిలీ పక్కవాడి పేరు పెట్టుకుంటుంది. పాకిస్తాన్‌లోని దర్రా ఆదంఖేల్‌లో చేత్తో చేసే పిస్టళ్ల మీద పెద్ద కంపెనీల ముద్రలు కొట్టడం పాత అలవాటు. అక్షరాలు తలకిందులుగానో, స్పెల్లింగు తప్పుగానో ఉండి దొరికిపోతాయి. ఆ పనివాళ్ల చేతి నైపుణ్యానికి దణ్ణం పెట్టాల్సిందే, కానీ ప్రతి పిస్టల్ దానికదే ఒక జాతి. ఆకురాయితో అరగదీసి అమర్చినవి కాబట్టి ఒకదాని విడిభాగం పక్కదానికే పట్టదు.

రెప్లికా అనే మాటని రెండు రకాలుగా వాడతారు. ఇటలీలో ఉబెర్టీ, పియెట్టా లాంటివాళ్లు పాతకాలపు రివాల్వర్లని మళ్లీ చేస్తే రెప్లికా అంటారు, అవి నిజంగా పేలేవే. ప్లాస్టిక్ గుండ్లు విసిరే ఎయిర్‌సాఫ్ట్ బొమ్మల్నీ రెప్లికా అనే అంటారు. వాటిని క్లోన్ అనకండి.

### క్లోన్ అంటే నాసిరకమేనా?

ఈ అపోహ గట్టిది. క్లోన్ అన్నది కొలత గురించి చెబుతుంది, నాణ్యత గురించి కాదు. చైనాలో నోరింకో చేసిన 1911ఏ1 పైకి మొరటుగా ఉన్నా దాని ఉక్కు గట్టిదని గన్‌స్మిత్‌లే (తుపాకీలు సరిచేసే పనివాళ్లే) కోరి కొని, దాని మీద పోటీ పిస్టళ్లు కట్టుకునేవారు. ఫిలిప్పీన్స్‌లో ఆర్మ్‌స్కోర్, టర్కీలో టిసాస్ చేసేవీ ఇవాళ చాలామంది వాడేవే.

ఇంకో మాట. "విడిభాగం పడుతుంది" అంటే కొత్త బ్యారెల్ జేబులోంచి తీసి పెట్టేసి కాల్చొచ్చని కాదు. 1911లో బ్యారెల్‌ని బిగువుగా కూర్చోబెట్టడం అనుభవమున్న గన్‌స్మిత్ పని. వదులుగా చేసిన సైనిక పిస్టల్‌లో దేన్ని పెట్టినా పడుతుంది, గురి అంతంతమాత్రం. బిగువుగా చేసిన పోటీ పిస్టల్‌లో గురి అద్భుతం, కానీ ప్రతి ముక్కా అరగదీసి అమర్చాల్సిందే. అందుకే ఖరీదైన 1911 కంటే చవక 1911 "మంచి క్లోన్" అయ్యే సందర్భాలున్నాయి.

### లావు మ్యాగజీన్ ఉన్న 1911లు?

కెనడాలో పారా ఆర్డినెన్స్ 1980ల చివర్లో మొదలుపెట్టిన రకం. తూటాలు రెండు వరసల్లో పట్టాలి కాబట్టి ఫ్రేమ్, మ్యాగజీన్, ట్రిగ్గర్ విల్లు (మ్యాగజీన్‌ని చుట్టి వెళ్లే దాని వెనక భాగం) వెడల్పయ్యాయి. స్లైడ్, బ్యారెల్ 1911వే. పైన క్లోన్, కింద కొత్తది. బాయెస్టర్ మొలీనాకి ఒప్పుకోనివాణ్ణి దీనికి కాస్త మెత్తబడతాను, ఎందుకంటే దీని హ్యామర్, సియర్ కూడా 1911వే.

### అసలు కంపెనీ మారిపోయి, క్లోనే అసలులా మిగలడం జరుగుతుందా?

జరుగుతుంది, నాకు ఈ అంశంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

ఇటలీ పిస్టల్ బెరెట్టా 92 మొదట వచ్చినప్పుడు సేఫ్టీ ఫ్రేమ్ మీద, బొటనవేలి దగ్గర ఉండేది. తర్వాతి రూపంలో బెరెట్టా దాన్ని స్లైడ్ మీదికి మార్చింది. ఈలోగా బ్రెజిల్‌లో బెరెట్టా పెట్టిన కార్ఖానాని 1980లో టారస్ కొనేసింది, యంత్రాలతో సహా. టారస్ పీటీ92లో సేఫ్టీ ఇవాళ్టికీ ఫ్రేమ్ మీదే. ఆ ఒక్క విషయంలో బెరెట్టా కంటే టారస్సే తొలి బెరెట్టా. అలాగని మ్యాగజీన్ అటూ ఇటూ మార్చబోతే, గొళ్లెం పట్టే గాడి వేర్వేరు చోట్ల ఉండి మొరాయిస్తుంది.

1911లోనూ అంతే. 1983లో కోల్ట్ సిరీస్ 80 పేరుతో ఫైరింగ్ పిన్‌కి (తూటా అడుగున కొట్టే సూదికి) అడ్డుకట్ట పెట్టింది, పిస్టల్ కిందపడినా పేలకుండా. దానికోసం ఫ్రేమ్‌లో రెండు చిన్న మీటలు, స్లైడ్‌లో ఒక చిన్న బుడిపె చేరాయి. యుద్ధకాలపు 1911ఏ1లో అవేవీ లేవు, నోరింకోలోనూ లేవు. యుద్ధకాలపు పిస్టల్ పక్కన రెండిటినీ విప్పి పెడితే ఏది దగ్గరిదో మీరే చెప్పండి.

హైపవర్ సంగతి ఇంకా పైన. ఎఫ్ఎన్ దాని తయారీ ఆపేశాక 2021లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఎస్ఏ-35 తెచ్చింది, టర్కీలో గిర్సాన్ ఎంసీ పీ35 చేసింది. స్ప్రింగ్‌ఫీల్డ్ వాళ్లు మ్యాగజీన్ తీస్తే పేలకుండా చేసే పాత ఏర్పాటుని తీసేశారు. ఫ్రెంచి సైన్యం అడిగిందని పెట్టిన ఆ ముక్క ట్రిగ్గర్‌ని బరువెక్కిస్తుందని దాదాపు అందరూ తిట్టినదే. పాత హైపవర్ మ్యాగజీన్ వీటిలో పడుతుంది. 2022లో ఎఫ్ఎన్ స్వయంగా కొత్త హైపవర్ తెచ్చింది. పేరు అదే, ముద్ర అదే, పోలికా ఉంది. 17 తూటాలు, లోపలంతా కొత్త డిజైన్. తన తాతల కాలపు మ్యాగజీన్ దానిలోకి పోదు.